వెంచర్‌లో ఉడుముకు చోటు: ప్రైవేటు భూమిలో దాని ఆవాసాన్ని కాపాడుకునే పద్ధతి

హైదరాబాద్ చుట్టుపక్కల ఏ దిక్కుకు వెళ్లినా ఇప్పుడు కనిపించేవి వెంచర్లే. శంకర్‌పల్లి, చేవెళ్ల, సదాశివపేట, యాదగిరిగుట్ట, ఎటు చూసినా మొన్నటిదాకా బీడుగా ఉన్న నేల ఇవాళ గజాల్లోకి, గుంటల్లోకి మారిపోతోంది. వెంచర్ పని మొదలైన తొలి వారంలోనే మూడు పోతాయి: పుట్టలు, రాతిగుండ్లు, గట్ల మీది తుప్పలు. కొనేవాళ్లకు నేల నున్నగా, ఎర్రగా, శుభ్రంగా కనిపించాలని వాటిని తీసేస్తారు. ఉడుము ఉండేది సరిగ్గా ఆ మూడింటిలోనే.

మన దగ్గర కనిపించేది బెంగాల్ ఉడుము. తోకతో కలిపి ఐదడుగులు దాటి కూడా పెరుగుతుంది. ప్రపంచంలో ఏ జీవి పరిస్థితి ఎలా ఉందో చెప్పే ఐయూసీఎన్ జాబితాలో ఇది ప్రమాదపుటంచుకు చేరిన జంతువు. అడవిలో ఉన్నదాన్ని కాపాడటానికి అటవీశాఖ ఉంది. పట్టా భూమిలో ఉన్నదాన్ని కాపాడాల్సింది ఆ భూమి యజమానే. మీరు పదెకరాలు అభివృద్ధి చేస్తున్నవాళ్లయినా, ప్లాట్ ఓనర్ల సంఘంలో సభ్యులైనా, పది గుంటల ఫామ్ ప్లాట్ కొనుక్కున్నవాళ్లయినా చేయగలిగింది చాలా ఉంది. అందులో ఎక్కువ భాగానికి పెద్దగా ఖర్చు కూడా ఉండదు. ఎప్పుడు, ఏ వరుసలో చేయాలో తెలిస్తే చాలు.

ముందు చట్టం సంగతి

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఉడుము మొదటి షెడ్యూల్ జంతువు, అంటే పులికి ఇచ్చిన స్థాయి రక్షణే దీనికీ ఉంది. చంపినా, పట్టినా, మాంసం అమ్మినా కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు జైలు. 2022 సవరణ తర్వాత జరిమానా 25 వేల రూపాయలకు తగ్గదు. భూమి మీదే అయినా, అందులో తిరిగే ఉడుము మీది కాదు.

ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియంది ఇంకోటి ఉంది. ఆ చట్టం ‘వేట’ అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో సరీసృపాల గుడ్లను పాడుచేయడం, గుడ్లను గానీ గూడును గానీ కదిలించడం కూడా ఉన్నాయి. గుడ్లున్న పుట్టను జేసీబీ బకెట్‌తో పెకలిస్తే అది లెవలింగ్ పని కిందికి రాదు, వేట కిందికి వస్తుంది. కాంట్రాక్టర్‌తో మాట్లాడేటప్పుడు ఈ ఒక్క విషయం చెప్పి చూడండి, మీ మాట వినే తీరే మారిపోతుంది.

అయితే చట్టంలో పెద్ద ఖాళీ కూడా ఉంది. గుడ్లు లేని బొరియకు, తుప్పకు, గుండ్ల సందుకు విడిగా రక్షణ లేదు. 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ కింద ముందస్తు అనుమతి కావాలంటే నిర్మాణ వైశాల్యం 20,000 చదరపు మీటర్లయినా ఉండాలి, లేదా అభివృద్ధి చేసే ప్రాంతం 50 హెక్టార్లయినా ఉండాలి. 50 హెక్టార్లంటే 123 ఎకరాల పైమాటే. ముప్పై, నలభై ఎకరాల్లో ప్లాట్లు మాత్రమే వేసి అమ్మే వెంచర్‌లో ఏ జంతువు ఉందో అడిగే అధికారి ఎవరూ లేరు. ఆ ఖాళీని మనమే పూడ్చుకోవాలి.

1. యంత్రం దిగకముందే నేలంతా తిరగండి

సర్వేయర్ రాళ్లు పాతే రోజుల్లోనే ఈ పని పెట్టుకోండి. ఉడుము పగటి జంతువు. ఒంటికి ఎండ తగిలాకే కదులుతుంది. అందుకే తెల్లవారుజామున కాకుండా ఎనిమిది దాటాక, ఎండ చురుక్కుమనే వేళకు వెళ్లండి. బూట్లు, చేతిలో కర్ర తప్పనిసరి. ఏ కన్నంలోనూ చెయ్యి పెట్టకండి, అదే బొరియలో పాము కూడా ఉండొచ్చు.

జంతువు కంటపడకపోయినా జాడలు కనిపిస్తాయి. వాడుకలో ఉన్న బొరియ నోరు గుండ్రంగా కాక కాస్త అణిగినట్టు, ఎత్తు తక్కువ వెడల్పు ఎక్కువగా ఉంటుంది. ముందు భాగంలో తవ్విన మట్టి విసనకర్రలా పరుచుకుని, రాకపోకలకు నున్నబడి ఉంటుంది. నోటికి అడ్డంగా సాలెగూడు కట్టి ఉంటే ఈమధ్య ఎవరూ వాడలేదన్నమాట. మెత్తటి మట్టిలో రెండు వరుసల గోళ్ల అడుగులు, వాటి మధ్య నుంచి వంకర టింకరగా తోక ఈడ్చిన గీత పడుతుంది. ఆ గీత ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. రెట్టలో ఒక చివర సున్నంలాంటి తెల్లటి ముద్ద, మిగతా భాగంలో పేడపురుగుల రెక్కల పెంకులు, పీత డొక్కు ముక్కలు, ఒక్కోసారి ఎలుక వెంట్రుకలు కనిపిస్తాయి.

అనుమానంగా ఉన్న కన్నం ముందు సాయంత్రం జల్లెడ పట్టిన మట్టి పల్చగా చల్లి రండి. మర్నాడు మధ్యాహ్నం వెళ్లి చూస్తే లోపల ఉన్నదెవరో అదే చెబుతుంది.

చూడాల్సిన చోట్లు: పుట్టలు, గుండ్ల సందులు, పాత చెట్ల తొర్రలు, పొలం గట్లు, ఎండిన వాగు ఒడ్డు, పాడుబడ్డ బావి అంచు, రాళ్లు పేర్చిన పాత కంచెలు. ప్రతిదానికీ ఒక నంబరు ఇచ్చి, ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేసి, సర్వే స్కెచ్ జిరాక్స్ మీద ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి. గొర్రెలు కాసేవాళ్లను అడగండి. ఎక్కడ ఏముందో వాళ్లకు తెలిసినంతగా మనకెవరికీ తెలియదు.

ఆ లొకేషన్లను మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. ఉడుము మాంసానికి, తోలుకు, నూనెకు ఇంకా గిరాకీ ఉంది. అదృష్టం తెచ్చే వేరు అంటూ పూజాసామగ్రిలో అమ్మే ‘హత్తా జోడి’ నిజానికి ఎండబెట్టిన మగ ఉడుము జననాంగం. మీ ఫోటో చూసి సంబరపడేవాళ్లతోపాటు కుక్కల్ని వేసుకుని వచ్చేవాళ్లూ ఆ గ్రూపులో ఉండొచ్చు.

2. వదిలే చోటును గీత గీసి ఖాయం చేయండి

లేఅవుట్‌లో పది శాతం ఖాళీ స్థలం ఎలాగూ వదలాలి. పదెకరాల్లో అది ఎకరం, అంటే నలభై గుంటలు. చాలామంది ప్లాట్లన్నీ కోసేశాక మూలన మిగిలిన మూడుముక్కల బిట్టును పార్కు అని రాస్తారు. మీరు తిరగేయండి: ముందు పుట్టలు, గుండ్లు ఎక్కువున్న చోటును ఖాళీ స్థలంగా గీసి, ఆ తర్వాత ప్లాట్లు కోయించండి.

ఆ చోటు వాగునో కుంటనో ఆనుకుని ఉంటే ఇంకా మంచిది. తెలంగాణలో 2012 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువులు, కుంటల నుంచి 9 మీటర్లు, పది మీటర్ల కంటే వెడల్పైన వాగు, నాలాల నుంచి 9 మీటర్లు, చిన్న కాలువల నుంచి 2 మీటర్లు ఏ కట్టడమూ లేకుండా వదలాలి. ఈ పట్టీకి మీ పది శాతాన్ని కలిపితే ఒక్క గజం కూడా అదనంగా పోకుండా ఉడుముకు తిండి, నీడ, రాకపోకల దారి మూడూ దొరుకుతాయి. నీటి ఒడ్డున పీతలు, నత్తలు, కప్పలు ఉంటాయి. పైన గుండ్ల దగ్గర ఎండ కాచుకుంటుంది.

ముక్కలు ముక్కలుగా నాలుగు చోట్ల పావెకరం చొప్పున వదలడం కంటే ఒకే చోట ఎకరం మేలు. ఒకవేళ రెండు చోట్ల తప్పకపోతే, వాటి మధ్య రెండు మూడు మీటర్ల వెడల్పున తుప్పల వరుస ఒకటి ఉండనివ్వండి. రోడ్డు పక్క చెట్ల వరుస కింద గడ్డిని నున్నగా కోయకుండా వదిలినా ఆ పని జరుగుతుంది.

గుండ్లను పేల్చే ఆలోచన ఉంటే మానుకోండి. హైదరాబాద్‌లో 1996 నుంచి సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్లు దక్కన్ శిలల కోసం పోరాడుతూనే ఉన్నారు. ఆ గుండ్లు కోట్ల ఏళ్ల నాటివి, ఒకసారి పేల్చితే మళ్లీ రావు. పైగా గుండ్లను అలాగే ఉంచుకుని ఇల్లు కట్టుకున్నవాళ్ల స్థలాలు ఎంత అందంగా ఉంటాయో ఒకసారి చూసి రండి.

3. మాటగా వదిలేయకుండా కాగితం మీదికి తెండి

ఇది బోర్ కొట్టే పనే కానీ అన్నిటికన్నా ముఖ్యం ఇదే. నోటిమాట మీద వదిలిన చోటు మూడో ఏడాదికి వాలీబాల్ కోర్టు అయిపోతుంది.

ఆ చోటును మంజూరైన లేఅవుట్ ప్లాన్‌లోనే ‘సహజ ఆవాస ప్రాంతం’ అని రాయించండి. ప్లాట్లు, ఇళ్లు కొనేవాళ్లకు రక్షణగా ఉన్న రియల్ ఎస్టేట్ చట్టం (రెరా) 14వ సెక్షన్ ప్రకారం మంజూరైన ప్లాన్‌ను, ఉమ్మడి స్థలాలను మార్చాలంటే కనీసం మూడింట రెండు వంతుల కొనుగోలుదారులు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. అంటే మీ వైపు మూడో వంతుకు పైగా జనం నిలబడితే డెవలపర్ ఒక్కడే దాన్ని ప్లాట్లు చేసి అమ్ముకోలేడు. ఓనర్ల సంఘం రిజిస్టర్ చేసేటప్పుడు బైలాస్‌లోనూ నాలుగు నియమాలు పెట్టండి: ఆ చోట తవ్వకం వద్దు, నిప్పు వద్దు, చెత్త వద్దు, ఎలుకల మందు వద్దు.

ఒక చిక్కుంది. ఖాళీ స్థలాన్ని గిఫ్ట్ డీడ్ ద్వారా పంచాయతీకో మున్సిపాలిటీకో అప్పగించాలి. ఆ తర్వాత అది వాళ్లది. మొత్తం చదును చేసి టైల్స్, సిమెంటు బెంచీలు వేయకుండా ఉండాలంటే ముందే సర్పంచ్‌తో, కార్యదర్శితో మాట్లాడి గ్రామసభలో తీర్మానం చేయించండి. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి స్థానిక సంస్థకూ ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. మీ ఊళ్లో అది పేరుకే ఉన్నా సరే, ఊరి జీవవైవిధ్య రిజిస్టర్‌లో మీ పుట్టలు, గుండ్లు నమోదు చేయమని అర్జీ ఇవ్వండి. సంగారెడ్డి జిల్లాలోని అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలం హోదా వచ్చింది ఈ చట్టం కిందే, అదీ చుట్టూ కాలనీలు లేచిన చోట.

4. తవ్వకానికి సరైన నెల, సరైన పద్ధతి

ఉడుము జూన్ నుంచి సెప్టెంబరు మధ్య జతకట్టి గుడ్లు పెడుతుంది. ఆడది నేలలోనో, ఒడ్డులోనో, పుట్టలోనో గొయ్యి తవ్వి ఇరవై దాకా గుడ్లు పెట్టి, మట్టి కప్పి, మూతితో అదిమి గట్టిపరుస్తుంది. దగ్గర్లో ఉత్తుత్తి గోతులు కూడా తవ్వుతుంది. గుడ్లు పొదగడానికి 168 రోజుల నుంచి 254 రోజుల దాకా పడుతుంది. అంటే జులైలో పెట్టినవి సంక్రాంతి దగ్గర పిల్లలైతే, సెప్టెంబరులో పెట్టినవి మే నెల దాకా నేలలోనే ఉండొచ్చు.

కాబట్టి లెవలింగ్‌కు అన్నిటికన్నా తక్కువ నష్టం చేసే కాలం మే నెల, తొలకరి పడే లోపు. మన దగ్గర మట్టి పనికి ఎలాగూ అదే సీజన్. వానాకాలం మధ్యలో, దసరా దీపావళి రోజుల్లో పుట్టలున్న చోట యంత్రం దింపకండి.

పని ఇలా సాగనివ్వండి. మొదట తుప్పల్ని మనుషులతో కొట్టించండి, వేళ్లు పెకలించకుండా. చెట్లు నరకాల్సి వస్తే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి ముందే తీసుకోవాలి. కొట్టాక రెండు మూడు రోజులు ఆగండి. నీడ పోయిన చోటును జంతువులు తమంతట తామే వదిలి వెళ్తాయి. తర్వాత జేసీబీని వదిలిపెట్టే చోటుకు ఎదురు కొస నుంచి మొదలుపెట్టి మెల్లగా అటువైపు నడపమనండి, అప్పుడు పారిపోయే జంతువు పోవాల్సిన చోటికే పోతుంది. నాలుగు వైపుల నుంచీ యంత్రాలు దింపితే మధ్యలో చిక్కి చచ్చిపోతుంది. పొద్దున పది దాటాకే ఇంజిన్ స్టార్ట్ చేయాలి, అప్పటికి ఉడుము ఒళ్లు వేడెక్కి పరుగెత్తగలుగుతుంది.

కాపాడే చోటు చుట్టూ వెదురు బొంగులు పాతి, తాడు కట్టి, ఎర్రగుడ్డ పీలికలు వేలాడదీయండి. గ్రీన్ నెట్ వద్దు. డ్రైవర్‌కు స్వయంగా చూపించండి, మేస్త్రీకి చెప్పి ఊరుకోకండి. ఆగి చూసుకున్న సమయానికి కూడా గంట కిరాయి ఇస్తామని ముందే మాట ఇస్తే అతనూ టెన్షన్ లేకుండా జాగ్రత్తగా చేస్తాడు.

తవ్వేటప్పుడు తోలులాంటి పెంకున్న తెల్లటి గుడ్లు బయటపడితే పని అక్కడికక్కడే ఆపండి. గుడ్లను తిప్పకండి, ఎత్తకండి. సరీసృపాల గుడ్డులో పిండం పైభాగానికి అతుక్కుని ఉంటుంది, తలకిందులైతే చచ్చిపోతుంది. అదే మట్టిని పల్చగా కప్పి, నీడ కల్పించి, అటవీ రేంజ్ ఆఫీసుకు ఫోన్ చేయండి. ఉడుమును మీరే పట్టి వేరే చోట వదలడం కూడా చట్టరీత్యా నేరమే, మంచి ఉద్దేశంతో చేసినా సరే.

5. ప్రహరీ గోడ

ఫామ్ ప్లాట్లలో ఉడుముకు ఎక్కువ హాని చేసేది ఏదంటే నేను ప్రీకాస్ట్ గోడ, అంటే ముందే పోసిన సిమెంటు పలకలు నిలబెట్టి కట్టే గోడ అంటాను. కిందిపలక నేలలోకి దిగబడి ఉంటుంది. ఒక్క కన్నం ఉండదు. ఇవతల బొరియ, అవతల నీళ్లు. గోడ వెంబడే పొడుగునా పరుగెత్తి కుక్కలకు దొరికిపోతుంది.

పరిష్కారం సులువు. ప్రతి ఇరవై, ముప్పై మీటర్లకు ఒకచోట కిందిపలక కింద ఎనిమిది అంగుళాల సిమెంటు గొట్టం ముక్క పడుకోబెట్టండి. ఉడుము, ముంగిస, తాబేలు దూరతాయి. పెద్ద కుక్క దూరలేదు, మనిషి అసలే దూరలేడు. గొట్టం నోరు నేలమట్టానికి సమంగా ఉండాలి, రెండు వైపులా ఒక చిన్న తుప్ప ఉంటే జంతువు ధైర్యంగా వస్తుంది. పక్క ప్లాటాయన ఒప్పుకోకపోతే వాననీళ్లు పోయే తూము అని చెప్పండి. అది నిజమే, గోడ కింద నీళ్లు నిలబడి పలకలు ఒరిగిపోయే బాధ కూడా దీనితో తప్పుతుంది.

కూరగాయల మళ్లకు, పండ్ల చెట్లకు కట్టే నైలాన్ వలలు నేలకు తగలకూడదు. అందులో చిక్కుకున్న ఉడుము విడిపించుకునే కొద్దీ దారం ఒంట్లోకి కోసుకుపోతుంది. వల కింది అంచును అడుగు ఎత్తున బిగించి కట్టండి.

6. పడితే లేవలేని గుంతలు

పునాది గుంతలు, సెప్టిక్ ట్యాంకు గోతులు రాత్రిళ్లు తెరిచి ఉంచితే ఒక మూలన గరుకు చెక్కను ఏటవాలుగా ఆనించండి. చెక్కకు గోనెపట్టా చుడితే గోళ్లకు పట్టు దొరుకుతుంది. పాత బావికి మూడడుగుల గోడ కట్టించండి. ప్లాస్టిక్ షీటు పరిచిన ఫారం పాండ్ మరీ ప్రమాదం. నీళ్లు తాగడానికి దిగిన జంతువు ఆ నునుపు మీద జారుతూ, ఈదీ ఈదీ అలసి మునిగిపోతుంది. నాలుగు మూలలా కొబ్బరిపీచు చాప గానీ, ముడులు వేసిన లావు మోకు గానీ గట్టు నుంచి నీళ్లలోకి వేలాడదీయండి. పాత టైర్లు తాడుకు కట్టి దింపినా సరిపోతుంది.

7. ఇప్పటికే చదును చేసేసిన నేలైతే

పుట్టను మనం కట్టలేం. కానీ చెదలు రావడానికి ఏం కావాలో అది పెట్టగలం. పడిపోయిన చెట్ల మొద్దుల్ని అమ్మకుండా, కాల్చకుండా ఒక మెరక చోట కుప్పగా వదిలేయండి. దాని పక్కనే లెవలింగ్‌లో వచ్చిన పెద్ద రాళ్లను పేర్పించండి. పెద్దవి కింద, చిన్నవి పైన, మధ్యలో నాలుగైదు అంగుళాల సందులు, లోపలి వైపు మట్టి. పొద్దుటి ఎండ పడాలి, వాననీళ్లు నిలవకూడదు. చుట్టూ తంగేడు, బలుసు, పరికి, రేగు, వావిలి, వాక్కాయ నాటండి. ఇవి నీళ్లు పోయకపోయినా బతికే మన మొక్కలు. లాన్ వేసిన చోట ఉడుముకు తినడానికి పురుగు కూడా దొరకదు. సర్కారు తుమ్మ తీసేయాలంటే ఒకేసారి మొత్తం కొట్టకుండా, మన మొక్కలు ఎదిగే కొద్దీ ఏడాదికి కొంత చొప్పున తీయండి.

8. మందులు, కుక్కలు, నిప్పు

ఎలుకల మందు తిన్న ఎలుకను తిన్న ఉడుముకూ విషం ఎక్కుతుంది. బోన్లు వాడండి. గమ్ ప్యాడ్లు కూడా వద్దు, వాటికి బల్లులు, నలికిరులు, ఉడుము పిల్లలు అతుక్కుపోతాయి. పొలంలో గుళికల మందు చల్లితే కప్పలు, పీతల నుంచి పైదాకా పోతుంది.

వీధికుక్కలు చెత్త ఉన్న చోటికే చేరతాయి. చెత్తకుండీలకు మూతలు, కుక్కలకు స్టెరిలైజేషన్, ఈ రెండూ సంఘం బాధ్యతగా పెట్టుకోండి. వేసవిలో ఎండుగడ్డికి నిప్పు పెట్టడం పూర్తిగా మానాలి, గుడ్ల నుంచి అప్పుడప్పుడే వచ్చిన పిల్లలు ఆ గడ్డిలోనే ఉంటాయి. అగ్గిభయం ఉంటే అంచున మూడు మీటర్ల పట్టీ కోయించి ఉంచండి.

9. భయపడే ఇరుగుపొరుగు

“పుట్ట ఉంటే పాములొస్తాయి” అనే మాట తప్పకుండా వస్తుంది. వాళ్ల భయాన్ని తీసిపారేయకండి, పిల్లలున్న ఇళ్లు కదా. ఇళ్లకూ ఆవాస ప్రాంతానికీ మధ్య గడ్డి పొట్టిగా కోసిన పట్టీ, వీధి దీపం, నడిచే బాట ఉంటే పాములు కూడా ఇటు రావడం తగ్గుతుంది. పాముల్ని ఇంటి దాకా రప్పించేవి ఎలుకలు. ఉడుము ఎలుకల్నీ తింటుంది, పాము గుడ్లనూ తింటుంది. నాగుల చవితికి పాలు పోసే పుట్ట అంటే మన ఊళ్లలో ఇప్పటికీ జేసీబీ డ్రైవర్ కూడా వెనకాడతాడు. ఆ భక్తి పుట్టను నిలబెడుతుంటే మనం అడ్డు చెప్పాల్సిన పనిలేదు.

ఉడుము మనిషి మీదికి రాదు. మూలకు నెట్టినా, పట్టుకున్నా మాత్రం కరుస్తుంది, తోకతో కొడుతుంది. కరిస్తే సబ్బుతో బాగా కడిగి డాక్టర్‌కు చూపించండి, పుండు పట్టకుండా చూసుకోవడమే ముఖ్యం. కోళ్లు పెంచేవాళ్లు గూటికి అరంగుళం కన్నాల ఇనుప జాలీ కొట్టించుకుంటే గుడ్ల గొడవ ఉండదు.

ఇంట్లోకి వస్తే ఒక తలుపు బార్లా తెరిచి, మిగతావి మూసి, పిల్లల్నీ కుక్కనీ అవతల గదిలో ఉంచి, అందరూ దూరం జరగండి. సాధారణంగా దానంతట అదే వెళ్లిపోతుంది. వెళ్లకపోయినా, గాయపడి ఉన్నా అటవీశాఖకు గానీ, హైదరాబాద్ పరిసరాల్లోనైతే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీకి గానీ ఫోన్ చేయండి. ఆ నంబర్లు సెక్యూరిటీ గది గోడ మీద పెద్ద అక్షరాల్లో రాయించి ఉంచండి. అదే గదిలో ఒక నోట్‌బుక్ పెట్టి, ఎవరికి ఎప్పుడు ఎక్కడ ఉడుము కనిపించినా తేదీ, సమయం, ప్లాటు నంబరు రాయమనండి. వచ్చే మే నెలలో ఇంకో ఫేజ్ లెవలింగ్ మొదలుపెట్టేముందు ముందుగా తెరిచి చూడాల్సింది ఆ నోట్‌బుక్కే.